రేర్లీనా, అకేషనల్లీనా? ఏది ఎక్కడ మేలు?

పోయినేడు బాబాయిని హెల్త్ చెకప్‌కి తీసుకెళ్లాను. ఫారం నింపుతూ మద్యం అలవాటు గడి దగ్గర ఆగాను. "అకేషనల్లీ అని రాయరా" అన్నాడు బాబాయి. "కాదు, రేర్లీ అని రాయి" అంది పిన్ని. ఇద్దరూ చెప్పేది ఏడాదికి వచ్చే రెండు మూడు పెళ్లిళ్ల సంగతే. అయినా పిన్ని పట్టు వదల్లేదు. ఆవిడకి ఇంగ్లీషు వ్యాకరణం రాదు గానీ, ఆ రెండు మాటల మధ్య తేడా మాత్రం సరిగ్గా పట్టుకుంది.

అకేషనల్లీ అంటే 'అవును' వైపు మొగ్గిన మాట. తాగుతాను, కాకపోతే అప్పుడప్పుడే అని. రేర్లీ 'లేదు' వైపు మొగ్గుతుంది. తాగను, ఎప్పుడైనా తప్ప అని. ఎన్నిసార్లు అన్నదానికంటే ఈ మొగ్గే ముఖ్యం. ఇంగ్లీషు వాక్యం చివర తగిలించే చిన్న ప్రశ్నలో ఇది బయటపడుతుంది. "హీ అకేషనల్లీ డ్రింక్స్" తర్వాత "డజంట్ హీ?" రావాలి. "హీ రేర్లీ డ్రింక్స్" తర్వాత "డజ్ హీ?" రావాలి. అంటే రేర్లీ ఉన్న వాక్యాన్ని ఇంగ్లీషు 'కాదు' అనే వాక్యాల లెక్కలో వేస్తుంది. సెల్డమ్, హార్డ్లీ ఎవర్ కూడా ఆ జాతివే.

మనవాళ్లు బోల్తా పడేది ఇక్కడే. తెలుగులో "ఎప్పుడో గానీ తాగడు" అంటాం. క్రియ 'తాగడు'. దాన్ని అలాగే ఎత్తి ఇంగ్లీషులో పెడితే "హీ రేర్లీ డజంట్ డ్రింక్" అవుతుంది. దానర్థం తాగని రోజు అరుదు అని! ఆ ఒక్క డజంట్‌తో బాబాయి రోజూ తాగేవాడైపోతాడు. రేర్లీ వాడితే నాట్ వద్దు, అంతే.

ఇక సెల్డమ్. పాత ఇంగ్లీషు నుంచి వస్తున్న మాట, జర్మన్ 'జెల్టెన్'కి చుట్టం. ముచ్చటైన మాటే కానీ నోటితో అంటే పుస్తకం చదివినట్టుంటుంది. ఉద్యోగాల పరీక్షలకి కూర్చునేవాళ్లకి మాత్రం ఇది తప్పదు: "సెల్డమ్ ఆర్ నెవర్" ఒప్పు, "సెల్డమ్, ఇఫ్ ఎవర్" ఒప్పు, "సెల్డమ్ ఆర్ ఎవర్" తప్పు. మాటల్లో అయితే నా ఓటు హార్డ్లీ ఎవర్‌కే. ఈమెయిల్‌లో రేర్లీ చాలు. హార్డ్లీని చూసి హార్డ్ అనుకోకండి. "హీ వర్క్స్ హార్డ్" అంటే కష్టపడతాడు, "హీ హార్డ్లీ వర్క్స్" అంటే పని ముట్టుకోడు. రికమండేషన్ లెటర్ రాసేవాళ్లు కాస్త చూసుకోవాలి.

స్పొరాడిక్, ఇంటర్మిటెంట్ అనే రెండిటినీ కూడా ఈ గుంపులోనే వేస్తుంటారు. అవి వేరే సరుకు. మా ఇంట్లో నెట్ పది నిమిషాలకోసారి పోయి వస్తుంటే, "అప్పుడప్పుడూ పోతోంది" అనుకుంటూ కంప్లయింట్‌లో అకేషనల్లీ అని రాశాను. మూడు రోజులు ఎవరూ రాలేదు. రాయాల్సింది ఇంటర్మిటెంట్. ఆగుతూ సాగుతూ ఉండేదానికి ఆ మాట. ఎన్నిసార్లన్నది దానికి పట్టదు. ఇంటర్మిటెంట్ ఫాస్టింగ్ చేసేవాళ్లలో చాలామంది రోజూ పదహారు గంటలు కడుపు మాడ్చుకుంటారు, అందులో అరుదేముంది? స్పొరాడిక్‌కి మాత్రం వరసా పద్ధతీ ఉండదు. గ్రీకులో గింజలు చల్లడం అనే అర్థమున్న మాట నుంచి పుట్టింది. సొంత దేశం వదిలి నలుమూలలా చెదిరిన జనాన్ని అనే డయాస్పోరా కూడా ఆ వేరు నుంచే. ఒక ఊళ్లో ఇవాళ ఒక కేసు, నెలన్నరకి ఇంకెక్కడో ఇంకో కేసు వస్తే డాక్టర్లు స్పొరాడిక్ అంటారు.

రేర్‌కి అంకెలు కట్టినవాళ్లూ ఉన్నారు. యూరప్‌లో మందుల డబ్బాలో పెట్టే కాగితంలో సైడ్ ఎఫెక్ట్ పక్కన రేర్ అని ఉంటే, అది వాడినవాళ్లలో వెయ్యి మందిలో ఒకరికంటే తక్కువగా, పదివేలలో ఒకరికి తగ్గకుండా వస్తుందని అర్థం. అన్‌కామన్ అంటే వందలో ఒకరికంటే తక్కువ, వెయ్యిలో ఒకరికి తగ్గదు. ఆ లెక్క తెలిస్తే కాగితం చదివి టెన్షన్ పడేది సగం తగ్గుతుంది. మన సుప్రీంకోర్టు 1980లో బచన్ సింగ్ కేసులో ఉరిశిక్షకి పెట్టిన "రేరెస్ట్ ఆఫ్ రేర్" అన్న గీతకి మాత్రం అంకె లేదు. అక్కడ తూచేది కేసులు ఎన్నని కాదు, నేరం ఎలాంటిది, చేసినవాడు ఎలాంటివాడు అని.

ఇక అందరికీ ఇష్టమైనది "వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్". దాని పక్కన మన "అమావాస్యకో పున్నానికో" పెట్టి చూస్తే నవ్వొస్తుంది. లెక్క ప్రకారం మనది పదిహేను రోజులకోసారి. వాళ్లది ఒకే ఇంగ్లీషు నెలలో రెండో పున్నమి, సుమారు రెండున్నర, మూడేళ్లకోసారి. అయితే బ్లూ మూన్‌కి అసలు జోడీ మన పంచాంగంలోనే ఉంది. 19 ఏళ్లలో ఇంగ్లీషు నెలలు 228, పున్నములు దాదాపు 235. మిగిలిన ఆ ఏడు పున్నములే వాళ్లకి బ్లూ మూన్‌లు తెస్తాయి. మనకి 19 ఏళ్లలో వచ్చే ఏడు అధికమాసాలదీ అదే లెక్క. 2023లో మనకి అధిక శ్రావణం వచ్చింది, ఆ ఆగస్టు నెలాఖరునే వాళ్లకి బ్లూ మూన్ వచ్చింది. కాబట్టి ఊరికి మూడేళ్లకోసారి వచ్చే అమెరికా అన్నయ్యకి బ్లూ మూన్ సరిపోతుంది. నెలకోసారి దిగే మేనమామకి అకేషనల్లీ చాలు.

బాబాయి ఫారం సంగతి చెప్పలేదు కదూ. డాక్టరమ్మ దాన్ని చూడను కూడా చూడలేదు. "నెలకి ఎన్నిసార్లండీ?" అని అడిగింది.