పాత బోటు వైరింగుకి నా మీటరు: మాక్స్ బటన్ గురించి నాలుగు మాటలు

విశాఖ ఫిషింగ్ హార్బరులో సెకండ్ హ్యాండ్ బోటు తీసుకున్నప్పటి నుంచీ ఇదే మల్టీమీటరు వాడుతున్నాను. మిగతావన్నీ ఏ మీటరులోనైనా ఉండేవే. నాకు దీంట్లో ప్రాణం మాక్స్ బటన్, అంటే కొలిచినంతసేపట్లో వచ్చిన అతి పెద్ద అంకెను పట్టి ఉంచేది.

మా వైర్‌లెస్ సెట్టులో 16వ ఛానల్ మాటలు చక్కగా వినిపించేవి. మనం మాట్లాడదామని మైకు నొక్కామో, సెట్టు ఆరిపోయేది. సెట్టే పోయింది, కొత్తది కొనుక్కోండన్నాడు మెకానిక్కు. బ్యాటరీ దగ్గర 12.6 వోల్టులు, సెట్టు వెనకా దాదాపు అంతే. వైరు తెగకపోతే కూతపెట్టే బీప్ సెట్టింగు పెడితే ప్రతి వైరూ పలికింది.

మీటరు తీగల్లో (లీడుల్లో) ఒకటి బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది సెట్టు నెగటివ్ మీద ఆనించి, మాక్స్ నొక్కి, "బాబాయ్, ఇప్పుడు నొక్కు" అన్నాను సరంగుతో. సెట్టు ఆరిపోయింది, అంకె సున్నాకి పడింది. కానీ మాక్స్‌లో 2.3 వోల్టులు నిలిచిపోయింది! అంటే మైకు నొక్కగానే సెట్టుకి అందాల్సిన వోల్టేజీలో అంత నెగటివ్ వైరులోనే పోతోందన్నమాట. రెప్పపాటులో వచ్చిపోయే అంకెను కంటితో పట్టుకోలేం. ఆ రెండో లీడునే ఒక్కో జాయింటు దగ్గరికీ జరుపుకుంటూ పోతే, ఇంజను గది చెక్కల కింద నల్లటేపు చుట్టిన మెలిక దగ్గర దొంగ దొరికాడు. టేపు విప్పితే పచ్చటి చిలుము. తొడుగు చీల్చినకొద్దీ జానెడు దాకా రాగి నల్లబడి ఉంది. వినడానికి ఒక ఆంపు కూడా అక్కర్లేదు, 25 వాట్లతో మాట్లాడాలంటే ఐదారు ఆంపులు లాగుతుంది. ఆ కుళ్లిన తీగ అంత ఎక్కడ మోస్తుంది?

తగరం పూత వైరు వేసి, వైరు కొసలకి లగ్గులు (బిగించే లోహపు తొడుగులు) నొక్కి, జిగురున్న స్లీవు వేడిచేసి బిగించాక 0.1 వోల్టుకి దిగింది. ఇలాంటి కీలకమైన వాటికి వైరులో పోయే వోల్టేజీ, రానూపోనూ (పాజిటివ్, నెగటివ్ వైర్లు) కలిపి 12 వోల్టుల్లో 3 శాతం, అంటే 0.36 వోల్టులు మించకూడదు.

దీని బీప్‌ని మొదట్లో తెగ మెచ్చుకున్నాను. ఇంటి పనులకి ఆ మాట ఇప్పటికీ నిజమే. బోటులో మాత్రం ఫ్యూజు చూడ్డానికి మించి వాడను, ఒక్క పోగు మిగిలినా అది పలుకుతుంది. ఉప్పుగాలికి నాబు కూడా కాస్త బిగుసుకుంది.

మాది 12 వోల్టుల బోటు, పైగా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి వైరు వెంబడి నింపాదిగా పోయే తీరిక ఉంది. మాలాంటి వాళ్లకి ఇది చాలు. స్టార్టరు లాగే కరెంటు చూడాలంటే మాత్రం దీని 10 ఆంపుల హద్దు సరిపోదు, వైరు చుట్టూ పట్టించి కరెంటు కొలిచే డీసీ క్లాంప్ మీటరు తీసుకోండి.