“ఒక్కసారే పేల్చినవి” అని అమ్మే .308 బ్రాస్: కొనేముందు ఇది చదవండి

డాలస్ చుట్టుపక్కల రీలోడింగ్ (పేల్చిన కేసులో కొత్త పౌడర్, బుల్లెట్ పెట్టి మళ్ళీ తూటా చెయ్యడం) చేసే మనవాళ్ళందరికీ. నెలనెలా జరిగే ఆ గన్ షోలో, వెనక వరసలో మూల టేబుల్ మీద ప్లాస్టిక్ డబ్బాల నిండా తళతళలాడే బ్రాస్, అంటే పేల్చేసిన తూటాల ఇత్తడి గొట్టాలు (కేసులు), పెట్టుకుని కూర్చునే పెద్దమనిషి ఎవరో మీకు వేరే చెప్పక్కర్లేదు. ఆయన దగ్గర కొనకండి. ఊరికే ఇచ్చినా తీసుకోకండి. మొన్న శనివారం ఆయన అమ్మిన కేసు నా రైఫిల్ ఛాంబర్‌లో రెండు ముక్కలైంది. కళ్ళకి అద్దాలు పెట్టుకుని ఉన్నాను కాబట్టి ఈ రాత్రి కూర్చుని ఇది టైప్ చేస్తున్నాను.

వెనక కథ క్లుప్తంగా చెప్పేస్తాను. టెక్సాస్‌లో జింకల సీజన్ నవంబర్ మొదటి శనివారం మొదలు, అంటే ఈ శనివారమే. లానో వైపు వేటకి స్థలం నలుగురం కలిసి లీజు తీసుకున్నాం. ఇన్నేళ్ళూ కంపెనీ తూటాలే కాల్చాను. ఈసారి జింకకి 165 గ్రెయిన్ల బరువున్న హంటింగ్ బుల్లెట్‌తో ఒక లోడ్, కాగితం టార్గెట్‌కి 168 గ్రెయిన్ల మ్యాచ్‌కింగ్ అనే టార్గెట్ బుల్లెట్‌తో ఒక లోడ్ నా రైఫిల్‌కి సరిపడా నేనే తయారు చేసుకుందామని ఉబలాటం. (ఒకటే బుల్లెట్ రెండింటికీ వాడొచ్చు కదా అని అడుగుతారని చెబుతున్నా, మ్యాచ్‌కింగ్‌ని వేటకి వాడమని తయారుచేసే సియెరా వాళ్ళే చెప్పరు.) లాపువా కంపెనీ కొత్త కేసులు వందకి వంద డాలర్ల పైమాటే. సెప్టెంబర్ షోలో ఈయన 300 లాపువా కేసులు ఒక్కోటి 65 సెంట్లకి ఇస్తానన్నాడు. మొత్తం 195 డాలర్లు, నగదు. “వన్స్ ఫైర్డ్. నా సొంత బోల్ట్ రైఫిల్‌లో” అన్నాడు. ఈ రెండు ముక్కలూ గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తాయి.

ఇక్కడ నా తెలివి చూడండి. నిజంగా ఒక్కసారే పేల్చిన కేసుకి పాత ప్రైమర్ (పౌడర్‌ని అంటించే చిన్న బిళ్ళ) ఇంకా అడుగునే ఉంటుంది, మసి ఉంటుంది, మూతి లోపలి అంచు ఎవరూ చెక్కకుండా ఉంటుంది. అవి చూస్తే కేసు జాతకం సగం తెలిసిపోతుంది. ఈయన ప్రైమర్లు అన్నీ తీసేసి, స్టీల్ పిన్నులతో లోపలా బయటా తోమేసి, మెడల దగ్గర మంట చూపించి కొత్త కేసుల మీద ఉండే ఆ నీలిరంగు చార కూడా తెప్పించి, కొత్త పెళ్ళికూతుళ్ళలా వరసగా నిలబెట్టాడు. “నీకు పని తగ్గుతుందని నేనే చేసిపెట్టాను” అన్నాడు. సాక్ష్యం మొత్తం కడిగేసి ఇస్తే నేను ఆయనకి రెండుసార్లు థాంక్స్ చెప్పాను. ఇండియన్ స్టోర్‌లో బెండకాయ కొన తుంచి చూడకుండా ఒక్కటి కూడా సంచిలో వెయ్యని మనిషిని నేను. మా ఆవిడ రెండు రోజులుగా ఈ ఒక్క మాటే అంటోంది, ఎదురుచెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

ఇంకో సిగ్గుమాలిన సంగతి. పౌడర్ తూచేటప్పుడు నాకు 0.1 గ్రెయిన్ తేడా వస్తే నిద్రపట్టదు. పౌండుకి 7,000 గ్రెయిన్లు, అంటే పౌండులో 70,000వ వంతు కోసం తిరిగి తూస్తాను. అలాంటివాణ్ణి, ఆ పౌడర్ పేలినప్పుడు 62,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) దాకా వెళ్ళగల ఒత్తిడిని పట్టి ఉంచాల్సిన ఇత్తడిని మాత్రం ముక్కూ మొహం తెలియని మనిషి నోటి మాట మీద కొన్నాను. ప్రైమర్లు దిగ్గొట్టేటప్పుడు కూడా వేలికి తెలిసింది. కొన్నిటికి అసలు బిగువే లేదు, వెన్నలో వేలు దిగినట్టు దిగాయి. అప్పుడే ఆగాల్సింది. “అబ్బ, ఈ హ్యాండ్ ప్రైమర్ పనిముట్టు ఎంత స్మూత్‌గా ఉందో” అనుకుని తరవాతిది ఎత్తుకున్నాను.

శనివారం రేంజ్‌లో బెంచ్ మీద మొదలుపెట్టాను. రీలోడింగ్ పుస్తకంలో ఇచ్చిన కనీస పౌడర్ నుంచి మొదలుపెట్టి కొంచెం కొంచెం పెంచుకుంటూ, మెట్టుకి ఐదేసి తూటాలు, పక్కన బుల్లెట్ వేగం కొలిచే క్రోనోగ్రాఫ్. మొదటి మెట్టు ఐదూ బాగానే పోయాయి. రెండో మెట్టులో మూడోది, అంటే మొత్తం మీద ఎనిమిదోది. అంటే గరిష్ఠానికి చాలా కింద ఉన్నాను, పౌడర్ ఎక్కువైంది అనడానికి వీల్లేదు. ట్రిగ్గర్ నొక్కగానే చప్పుడులోనే ఏదో తేడా, బుగ్గ మీద వేడిగాలి ఛెళ్ళున కొట్టింది, కాలిన వాసన. బోల్ట్ గట్టిగా వచ్చింది, దానితోపాటు వచ్చింది కేసు అడుగు ముక్క మాత్రమే, అంగుళంలో సగం కూడా లేదు. మిగతా గొట్టం ఛాంబర్‌లోనే ఉండిపోయింది. చేతులు వణుకుతుంటే ఆ ముక్కని అరచేతిలో పెట్టుకుని చూశాను. తెగిన చోట చుట్టూ గాజు అంచులా పదునుగా, కాగితమంత పలచగా ఉంది. అడుగున మందంగా ఉండే ఇత్తడి అక్కడికి వచ్చేసరికి గుడ్డు పెంకు. అది ఒక్క దెబ్బకి అలా కాదు. ప్రతిసారీ పేలినప్పుడు కేసు ముందుభాగం ఛాంబర్ గోడల్ని పట్టుకుంటుంది, వెనకభాగం బోల్ట్ వైపుకి సాగుతుంది, సైజింగ్ డైలో (పేలిన కేసుని తిరిగి కొలతకి తెచ్చే అచ్చు) భుజాన్ని, అంటే మెడ కింది వాలుని, ఎక్కువ వెనక్కి నొక్కిన కొద్దీ ఆ సాగుడు ఎక్కువవుతుంది. సాగిన చోటే మళ్ళీ సాగి సాగి ఉంగరంలా పలచబడుతుంది. నేను అందులో ఆఖరి దెబ్బ వేసినవాణ్ణి, అంతే.

ఇంటికొచ్చి నేను ముట్టుకోని 240 కేసులు బయటికి తీశాను. పేపర్ క్లిప్ విప్పి, కొన చిన్నగా వంచి, కేసు లోపలికి దించి అడుగు నుంచి గోడ వెంబడి పైకి లాగాను. మంచి కేసులో జారుకుంటూ వచ్చేస్తుంది. వీటిల్లో అడుగుకి కాస్త పైన, ఆ పలచబడిన చోట, టక్కున తగులుతోంది. 240లో 161 తగిలాయి. అడుగు నుంచి భుజం దాకా దూరాన్ని కంపారేటర్ అనే కొలత పనిముట్టుతో కొలిచాను. ఒక్క రైఫిల్‌లో పేల్చినవైతే దాదాపు ఒక్కలా ఉండాలి, ఇవి ఒకదానికీ ఇంకోదానికీ అంగుళంలో వెయ్యో వంతులు ఏడెనిమిది దాకా తేడా. నా డై కూడా అనుమానంతో చూసుకున్నాను. భుజాన్ని రెండు వెయ్యో వంతులే వెనక్కి నొక్కుతోంది, అందరూ పెట్టుకునేంతే.

ఆదివారం అదే షో. రెండు ముక్కల్లో ఒకటి గన్‌స్మిత్ దగ్గర రైఫిల్‌లోనే ఇరుక్కుని ఉంది, రెండోది జిప్ కవర్‌లో వేసుకుని, దానితోపాటు నేను చెయ్యి పెట్టని ఇరవై కేసులూ, ఆ పేపర్ క్లిప్పూ పట్టుకుని వెళ్ళాను. గొడవ పెట్టుకోవాలని కాదు, నిజంగా. ఆయనకే తెలియదేమో, చెప్తే మిగతావి అమ్మకుండా ఆపుతాడని అనుకున్నాను. కవర్ చేతికిచ్చాను. తెరవలేదు. బయటి నుంచే ఒకసారి చూసి, “నీ డై సరిగ్గా సెట్ చేసి ఉండవు” అన్నాడు. చేతిలో పట్టుకుని రెండు సెకన్లు కూడా కాలేదు. సరే అని ముట్టుకోని కేసు ఒకటి తీసి, క్లిప్ ఆయన చేతికే ఇచ్చి, మీరే పెట్టి చూడండి సార్ అన్నాను. పెట్టలేదు. అప్పుడు అడిగాను, వన్స్ ఫైర్డ్ అని మీరే కదా చెప్పారని.

నవ్వాడు. “అవును, నేను ఒక్కసారే పేల్చాను. నాకంటే ముందు ఎవరు ఎన్నిసార్లు పేల్చారో నాకేం తెలుసు?”

నాకు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. వన్స్ ఫైర్డ్, నా సొంత బోల్ట్ రైఫిల్‌లో. ముందే తూచి పెట్టుకున్న మాట అది. సెప్టెంబర్‌లో నా కళ్ళలోకి చూసి చెప్పినప్పుడే ఈ జవాబు జేబులో రెడీగా ఉంది. పేరుకి కూడా “అయ్యో, దెబ్బ తగిలిందా?” అని అడగలేదు. కవర్‌ని టేబుల్ మీద నా వైపుకి ఒక్క వేలితో తోశాడు, పక్కన నిలబడి డబ్బాలు చూస్తున్న కుర్రాడితో “కొత్తవాళ్ళు, నేర్చుకుంటారులే” అన్నాడు. ఆ కుర్రాడు కూడా నవ్వాడు. వాడి చేతిలో అప్పటికే ఒక డబ్బా ఉంది. ఇక్కడి నుంచి ఆయన లేదు, గీయన లేదు, వాడే. నేను కుర్రాడికి కవర్ చూపించి రెండు ముక్కలు చెప్పాను, డబ్బా కింద పెట్టాడో కొన్నాడో చూడకుండానే వచ్చేశాను. ఆ టేబుల్ ముందు ఇంకో నిమిషం ఉంటే నా నోట్లోంచి ఏం వచ్చేదో నాకే తెలియదు. పైగా మనం ఉన్నది గన్ షోలో.

లెక్క రాసుకుంటే: 195 డాలర్ల బ్రాస్, ఇరుక్కున్న గొట్టం తీసి ఛాంబర్ చెక్ చెయ్యడానికి గన్‌స్మిత్‌కి 85, వేస్టైన ప్రైమర్లు, బుల్లెట్లు. రైఫిల్ వచ్చేది రెండు వారాల తర్వాత. కాబట్టి ఈ శనివారం ముగ్గురు లానోలో బ్లైండ్‌లో (వేటగాళ్ళు దాక్కునే గూడు) కూర్చుంటారు, నేను ఫ్రిస్కోలో సోఫాలో కూర్చుంటాను. వాళ్ళలో ఒకడు ఇప్పటికే “పోనీ నా స్నేహితుడు చేసిన రీలోడ్లు ఉన్నాయి, ఇంకో రైఫిల్ ఇస్తాను రా” అని ఫోన్ చేశాడు. తమ్ముడూ, నీకు దండం పెడతాను, ఇంకొకడు చేసిన తూటా నేను ముట్టుకోను. నా తూటాలే నేను నమ్మే స్థితిలో లేను.

కొనేవాళ్ళకి రెండు ముక్కలు. వాడిన బ్రాస్ కొనాల్సి వస్తే పాత ప్రైమర్ ఉన్నవే, మసితో ఉన్నవే తీసుకోండి, తోమి ఇస్తానంటే వద్దనండి. జేబులో ఒక పేపర్ క్లిప్ పడేసుకోండి, టేబుల్ దగ్గరే పదింటిలో పెట్టి చూడండి, అమ్మేవాడు మొహం చిట్లిస్తే జవాబు వచ్చేసినట్టే. ప్రైమర్ బిగువు లేకుండా దిగితే ఆ కేసు చెత్తబుట్టకి. సీల్ తీసిన పౌడర్ డబ్బా ఎవరి దగ్గరా కొనకండి, మీద పేరు ఒకటి ఉండి లోపల ఇంకోటి ఉండొచ్చు. అద్దాలు తీయకండి. వీసా మీద ఉన్న తమ్ముళ్ళకి ఇంకోటి, ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్1బీ లాంటి నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గాని తూటా గాని దగ్గర ఉంచుకోవడం మామూలుగా నేరం, చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు ఉండటం అందులో ఒక మినహాయింపు. టెక్సాస్ లైసెన్సు ఆగస్టు 31తో అయిపోతుంది, చూసుకోండి.

ఆ కేసుల్ని అలాగే స్క్రాప్‌కి వేద్దామనుకున్నాను. తర్వాత ఆ బస్తాలోంచి ఎవరో ఏరుకుని, తోమి, ఇంకో టేబుల్ మీద నిలబెడతారని భయమేసింది. అందుకని గరాజ్‌లో స్టూలు వేసుకుని ఒక్కో కేసు మూతినీ పటకారుతో నొక్కి చప్పిడి చేస్తున్నాను. ఇప్పటికి 214 అయ్యాయి.