ఇంట్లోనే కారు ఇంజన్ ఆయిల్ మార్చుకోవడం: 2018 నుంచి మా క్యామ్రీతో నా అనుభవం

మాది 2015 మోడల్ టొయోటా క్యామ్రీ, 2.5 లీటర్ల నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజన్. ఉండేది టెక్సస్‌లో, డాలస్ పక్కనున్న ఇర్వింగ్‌లో. 2018 నుంచి ఈ బండికి ఇంజన్ ఆయిల్ మా గరాజ్‌లో నేనే మారుస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. సొంత ఇల్లు, చదునైన గరాజ్, ఏడాదికి ఒకటి రెండుసార్లు గంటన్నర తీరిక ఉన్నవాళ్లు తప్పకుండా చేయదగ్గ పని ఇది. అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లకు మాత్రం వద్దనే చెబుతాను. చాలా కాంప్లెక్సుల లీజులో పార్కింగ్‌లో బండి పని చేయకూడదని రాసే ఉంటుంది. కొన్ని కాలనీల హెచ్‌ఓఏలు (ఇళ్ల యజమానుల సంఘాలు) డ్రైవ్‌వే మీద కూడా ఒప్పుకోవు. మొదలుపెట్టే ముందు మీ కాగితాలు ఒకసారి చదువుకోండి.

డబ్బు మిగులుతుంది, నిజమే. కానీ ఇన్నేళ్లు కొనసాగించడానికి అసలు కారణం డబ్బు కాదు. అంతకుముందు ఒక క్విక్ లూబ్ షాపులో మార్పించేవాణ్ణి. ఒకసారి ఇంటికొచ్చి డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) తీసి చూస్తే ఆయిల్ ఫుల్ గుర్తు దాటి బాగా పైకి ఉంది. బిల్లులో 5 క్వార్టులు అని ఉంది. ఈ ఇంజన్‌కు ఫిల్టర్‌తో కలిపి పట్టేది 4.6 క్వార్టులు, అంటే 4.4 లీటర్లు. ఆయిల్ మరీ ఎక్కువైతే ఇంజన్‌లో తిరిగే క్రాంక్‌షాఫ్ట్ దాన్ని చిలికి నురగ చేస్తుంది, నురగ పట్టిన ఆయిల్ సరిగ్గా పనిచేయదు. తర్వాత ఇంట్లో మొదటిసారి డ్రెయిన్ బోల్టు (పాత ఆయిల్ కార్చడానికి ఇంజన్ అడుగున ఉండే బోల్టు) విప్పబోతే మామూలు రెంచికి కదల్లేదు. పొడవాటి బార్ తెచ్చి లాగాల్సి వచ్చింది. దాని వాషర్ నలిగి పలచబడిపోయి ఉంది, ఎన్నాళ్లుగానో మార్చినట్టు లేదు. ఇప్పుడు ఆ బోల్టు ఎంత బిగువుగా ఉందో, లోపల ఏ ఆయిల్ ఎంత ఉందో నాకు తెలుసు. రాత్రిపూట ఆస్టిన్ హైవే ఎక్కినప్పుడు ఆ ధైర్యం విలువ తెలుస్తుంది.

సామాను గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే కొత్తవాళ్లు డబ్బు తప్పుగా ఖర్చుపెట్టేది ఇక్కడే. అన్నిటికన్నా ముందు కొనాల్సింది టార్క్ రెంచ్, అంటే ఎంత బిగించామో కొలిచి చెప్పే రెంచి. ఈ ఇంజన్‌లో డ్రెయిన్ బోల్టు తల 14 మిల్లీమీటర్లు, బిగించాల్సింది 30 ఫుట్ పౌండ్లు, అంటే 40 న్యూటన్ మీటర్లు. చేత్తో పట్టి చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. అలా అనిపించే ఇంకాస్త, ఇంకాస్త బిగిస్తారు. ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ పాన్‌లో మరలు పోయాయంటే ఇరవై, ముప్పై డాలర్లతో తేలే వ్యవహారం కాదు. టార్క్ రెంచ్‌లోనూ చక్రాల నట్లకు వాడే పెద్ద అరంగుళం రకం కొనకండి. అది పెద్ద బిగింపులకు తగినది, తక్కువ కొలతల దగ్గర దాని లెక్కను నమ్మలేం. దాదాపు 10 నుంచి 80 ఫుట్ పౌండ్ల దాకా చూపించే చిన్న రకం, మూడు బై ఎనిమిది అంగుళాలది, ఈ పనికి సరిగ్గా సరిపోతుంది.

రెండోది ఫిల్టర్ క్యాప్ రెంచ్. నా లెక్కలో మొత్తం పనిలో జాగ్రత్తగా ఉండాల్సింది ఈ ఫిల్టర్ దగ్గరే. పాత బళ్లలో ఫిల్టర్ అంటే చేత్తో తిప్పి బిగించే ఇనుప డబ్బా. ఈ క్యామ్రీలో అలా ఉండదు. లోపల కాగితం ఫిల్టర్, దాన్ని పట్టి ఉంచే క్యాప్, రెండూ వేరువేరు. ఆ క్యాప్ విప్పడానికి 64 మిల్లీమీటర్ల, పద్నాలుగు పలకల రెంచ్ కావాలి. రేకును వంచి చేసిన చవక రకం పలకల మీద జారుతుంది, జారిన ప్రతిసారీ క్యాప్ అంచులు తింటుంది. మందంగా పోతపోసిన అల్యూమినియం రకం తీసుకోండి. నేను మొదటినుంచీ అదొక్కటే వాడుతున్నాను, ఇప్పటికీ కొత్తదానిలా పట్టు ఇస్తుంది.

క్యాప్ ఒక్కసారిగా విప్పకూడదు. దాని మధ్యలో ఒక చిన్న ప్లగ్ ఉంటుంది. ముందు అది తీసి, ఫిల్టర్ డబ్బాలో వచ్చే చిన్న ప్లాస్టిక్ గొట్టాన్ని అక్కడ పెడితే లోపలి ఆయిల్ ఆ గొట్టం గుండా నేరుగా కింద పెట్టిన పాన్‌లోకి కారుతుంది. ఈ మెట్టు వదిలేస్తే ఆయిల్ మోచేతి దాకా కారుతుంది. క్యాప్ విప్పాక పాత ఓ-రింగ్ (రబ్బరు సీలు) తీసేయాలి, కొత్తది దాని గాడిలోనే కూర్చోవాలి, దానికి కొంచెం కొత్త ఆయిల్ రాయాలి. పాత రింగ్ ఉండగానే కొత్తది వేస్తే రెండూ కలిసి సరిగ్గా కూర్చోవు, ఇంజన్ స్టార్ట్ చేయగానే ఒత్తిడికి ఆయిల్ చిమ్ముతుంది. అందుకే పాత రింగ్‌ను పక్కన కాగితం మీద పెట్టి, కళ్లారా చూసుకున్నాకే కొత్తది వేస్తాను. క్యాప్ బిగించాల్సింది 25 న్యూటన్ మీటర్లు, ఆ సంగతి మా క్యాప్ మీదే ముద్రించి ఉంది. అంటే 18 ఫుట్ పౌండ్లు. మధ్యలోని చిన్న ప్లగ్‌కు అందులో సగం. షాపుల్లో క్యాపులు పగిలేది ఎక్కువగా ఈ అంకె పట్టించుకోకపోవడం వల్లే.

ఫిల్టర్ మాత్రం టొయోటా వాళ్లదే కొంటాను, పార్ట్ నంబర్ 04152-వైజెడ్‌జెడ్ఏ1. బయటి కంపెనీల ఫిల్టర్లూ బాగానే ఉండొచ్చు, కానీ అసలుది పది డాలర్ల లోపే దొరుకుతుంటే వెతకడం ఎందుకు? డ్రెయిన్ బోల్టు వాషర్లు ఒకేసారి పది కొని పెట్టుకున్నాను. మార్చిన ప్రతిసారీ కొత్తది వేయాల్సిందే.

బండి పైకెత్తడం విషయంలో మాత్రం రాజీ వద్దు. జాకీ ఒక్కదాని మీదే నిలబెట్టి కిందకు దూరడం ప్రాణాలతో చెలగాటం. నేను వాడేది ప్లాస్టిక్ ర్యాంపులు. ముందు చక్రాలు వాటి మీదకు ఎక్కించి, గేరు పార్క్‌లో పెట్టి, పార్కింగ్ బ్రేక్ వేసి, వెనక చక్రాలకు రెండు వైపులా అడ్డు దిమ్మలు పెడతాను. ఈ కారులో పార్కింగ్ బ్రేక్ పనిచేసేది వెనక చక్రాలకే, నేల మీద ఉండేవీ అవే, అందుకే దిమ్మలు అక్కడ. ర్యాంపులతో ఒక ఇబ్బంది ఉంది. నున్నటి గరాజ్ నేల మీద టైరు ఎక్కకుండా ర్యాంపునే ముందుకు నెడుతుంది. ర్యాంపు కింద పాత కార్పెట్ ముక్క వేసి, దాని రెండో కొసను టైరు కిందకు వచ్చేలా పరిస్తే ఆ సమస్య పోతుంది. టైరు బరువే కార్పెట్‌ను పట్టి ఉంచుతుంది. ఎక్కించేటప్పుడు మా ఆవిడ పక్కన నిలబడి "ఇంకొంచెం రండి, ఇంకొంచెం, చాలు, ఆగండి" అని చెబుతుంది. ఆ సాయం లేకుండా నేను ర్యాంపు ఎక్కించను. పైకి ఎక్కాక బండిని పక్కనుంచి గట్టిగా ఊపి చూసి, కదలకపోతేనే కిందకు వెళ్తాను.

ఇక మార్చే పని. ఇంజన్‌ను నాలుగైదు నిమిషాలు నడిపి ఆపితే ఆయిల్ గోరువెచ్చగా ఉండి బాగా కారుతుంది. దూరం వెళ్లొచ్చిన వెంటనే వద్దు, ఆయిలూ సైలెన్సర్ గొట్టమూ కాలుస్తాయి. చేతులకు నైట్రైల్ గ్లవ్స్ తప్పనిసరి, వాడిన ఆయిల్ చర్మానికి మంచిది కాదు. బోల్టు చివరి చుట్లలో దాన్ని లోపలికి నొక్కి పట్టుకుని తిప్పి, ఒక్కసారిగా పక్కకు లాగేయాలి. మొదటి ధార నిటారుగా పడదు, వంపు తిరిగి దూరంగా పడుతుంది, పాన్ ఆ లెక్కన పెట్టాలి. పాన్ కింద పెద్ద అట్టపెట్టె విప్పి పరిస్తే నేల మీద మరకలు పడవు. పూర్తిగా కారేదాకా పావుగంట వదిలేస్తాను, ఈలోపు టైర్లలో గాలి, ఎయిర్ ఫిల్టర్ చూసుకుంటాను. బోల్టు, ఫిల్టర్ బిగించాక గరాటు పెట్టి నాలుగు క్వార్టులు పోస్తాను. బండిని ర్యాంపుల మీంచి దించి, చదునులో ఒక నిమిషం ఇంజన్ నడిపి, ఆపి, ఐదు నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ చూస్తూ మిగతాది కొద్దికొద్దిగా పోస్తాను. 5 క్వార్టుల డబ్బాలో కొంచెం మిగులుతుంది, అది మధ్యలో తగ్గితే పోయడానికి పనికొస్తుంది.

ఆయిల్ ఏ బ్రాండ్ మంచిదని చాలామంది అడుగుతారు. నా దృష్టిలో బ్రాండ్ కన్నా డబ్బా మీది గుర్తు ముఖ్యం. మాన్యువల్ చెప్పింది 0డబ్ల్యూ-20 (ఇది ఆయిల్ చిక్కదనం గుర్తు) సింథటిక్. డబ్బా వెనక ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) గుండ్రటి ముద్రలో ఎస్‌పీ అని ఉంటే చాలు, ఇది 2020లో వచ్చిన ప్రమాణం. ఆ రెండూ ఉంటే వాల్‌మార్ట్ సొంత బ్రాండైనా, కాస్ట్‌కో కిర్క్‌లాండ్ అయినా, మొబిల్ 1 అయినా పోస్తాను. మూడూ వాడాను. శబ్దంలో గానీ మైలేజీలో గానీ తేడా నాకు కనపడలేదు.

ఎన్ని మైళ్లకు మార్చాలన్నది దీనికన్నా ఆలోచించాల్సిన విషయం. 0డబ్ల్యూ-20 వాడితే 10,000 మైళ్లు లేదా ఏడాది అని టొయోటా చెబుతుంది. దగ్గర దూరాలు ఎక్కువగా తిరిగితే, దుమ్ము రోడ్ల మీద నడిపితే 5,000 మైళ్లకే మార్చమంటుంది. డాష్‌బోర్డు మీద లైటు 5,000కే వెలుగుతుంది కాబట్టి చాలామంది అదే ఆయిల్ గడువనుకుంటారు. అది టైర్లు అటూ ఇటూ మార్చడం లాంటి మిగతా పనులకు కూడా గుర్తు. నా ఆఫీసు దగ్గర, పిల్లల బడి ఇంకా దగ్గర. ఇంజన్ పూర్తిగా వేడెక్కకముందే ఆపేస్తుంటే పెట్రోలు, తేమ ఆయిల్‌లో చేరి ఆవిరి కాకుండా ఉండిపోతాయి. అందుకని మొదట్లో 5,000 మైళ్లకే మార్చేవాణ్ణి. తర్వాత ఇండియానాలోని ఫోర్ట్ వేన్‌లో ఉన్న, వాడిన ఆయిల్ పరీక్షించే బ్లాక్‌స్టోన్ ల్యాబ్‌కు చిన్న సీసాలో శాంపిల్ పంపాను. ఇనుము, రాగి, సిలికాన్ ఎంత ఉన్నాయో, పెట్రోలు ఎంత కలిసిందో రాసి పంపుతారు. సిలికాన్ ఎక్కువుంటే ఎయిర్ ఫిల్టర్ నుంచి దుమ్ము వెళ్తోందేమో చూసుకోవాలి. మా బండికి అన్నీ మామూలుగా వచ్చాయి. అప్పటినుంచి 7,000 మైళ్ల దాకా సాగిస్తున్నాను. ఒక ఆయిల్ మార్పు ఖర్చంత పెడితే సొంత బండి లెక్క చేతికొచ్చింది, నా మటుకు నాకు బాగా నచ్చిన ఖర్చు ఇది.

డ్రెయిన్ బోల్టు బదులు ఫుమోటో వాల్వు కూడా కొంతకాలం వాడాను. మీట తిప్పితే చాలు ఆయిల్ కారుతుంది, రెంచి అక్కర్లేదు, వాషర్ అక్కర్లేదు. వస్తువు గట్టిది, ఒక్క చుక్క కూడా కారలేదు. అయినా తీసేసి మళ్లీ బోల్టే పెట్టాను. ధార సన్నగా వస్తుంది, సమయం ఎక్కువ పడుతుంది, అదీ కాక బోల్టు కన్నా కొంచెం కిందకు వేలాడుతుంది. ఎత్తుగా ఉండే పికప్ ట్రక్కులకు మాత్రం చాలా మంచిది.

వాడిన ఆయిల్ ఏం చేయాలన్నది ఇక్కడ కష్టం కాదు. కొత్త ఆయిల్ వచ్చిన ఖాళీ డబ్బాలోనే పోసి మూత బిగించి కారు విడిభాగాల షాపులైన ఆటోజోన్‌కో ఓరైలీకో తీసుకెళ్తే ఎక్కువ బ్రాంచీల్లో ఉచితంగా తీసుకుంటారు. కూలెంట్, బ్రేక్ ఆయిల్ కలపకూడదు, కలిపితే తీసుకోరు. చెత్తబుట్టలో, డ్రైనేజీలో మాత్రం దయచేసి పోయకండి. ఒక్క కారులోంచి తీసిన ఆయిల్ పది లక్షల గ్యాలన్ల మంచినీళ్లను పాడు చేయగలదని ఇక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ చెబుతోంది. పైగా ఆ ఆయిల్ శుద్ధి చేస్తే మళ్లీ పనికొస్తుంది.

ఖర్చు సంగతి: మంచి సింథటిక్ ఆయిల్ డబ్బా పాతిక డాలర్ల చుట్టూ, ఫిల్టర్, వాషర్ కలిపి ఇంకో పది. ఇదే పనికి బయట ఎనభై నుంచి వంద దాకా అడుగుతున్నారు. సామాను ఖర్చు రెండు మూడేళ్లలో తిరిగొచ్చేస్తుంది.

హైదరాబాద్‌లో ఉండే మా తమ్ముడు "అన్నయ్యా, నేనూ మొదలుపెట్టనా?" అని అడిగాడు. వద్దన్నాను. వాడిది మూడో అంతస్తు ఫ్లాట్, సెల్లార్ పార్కింగ్‌లో పక్క బండికీ వాడి బండికీ మధ్య మనిషి పట్టే చోటు లేదు, పాత ఆయిల్ తీసుకునే షాపు దగ్గర్లో లేదు. ఆయిల్, ఫిల్టర్, వాషర్ నమ్మకమైన షాపులో వాడే కొనుక్కుని, తెలిసిన మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లి, పని అయ్యేదాకా పక్కనే నిలబడమన్నాను. సీలు తన ముందే తీయించి, చివర్లో డిప్‌స్టిక్ తనే చూసుకుంటున్నాడు. అక్కడి కూలి ఖర్చుకు అదే సరైన పద్ధతి.

అమెరికాలో ఉన్నవాళ్లు ఎక్కువగా భయపడేది వారంటీ గురించి. 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం, ఆయిల్ మీరే మార్చుకున్నారన్న ఒక్క కారణంతో కంపెనీ వారంటీ నిరాకరించడానికి లేదు. కానీ మార్చినట్టు రుజువు మీ దగ్గర ఉండాలి. ఆయిల్, ఫిల్టర్ రసీదులు, మార్చిన తేదీ, అప్పటి మైళ్లు కనిపించేలా ఓడోమీటర్ ఫోటో, ఈ మూడూ ఒకే ఫోల్డర్‌లో పెట్టుకోండి. థర్మల్ కాగితం రసీదులు ఏడాదిలో వెలిసిపోతాయి, కొన్న రోజే ఫోన్‌తో ఫోటో తీయాలి.