బీపీ ఉన్నవాళ్ళకు జలుబు గోళీలు కొంటున్నారా? ఒక్క నిమిషం ఆగి ఇది చదవండి

మన కాలనీ మలుపులో ఉన్న మెడికల్ షాపు గురించే చెబుతున్నాను. పేరు రాయడం లేదు, ఇక్కడివాళ్ళకు ఎలాగూ అర్థమవుతుంది. రెండు రోజులుగా నిద్ర లేదు, కోపం ఇంకా చల్లారలేదు.

ఆదివారం నాన్నకు జలుబు, ఒళ్ళునొప్పులు. ఆయనకు ఎప్పటినుంచో బీపీ, రోజూ టెల్మిసార్టన్ 40 వేసుకుంటారు. షాపులో నా మొదటి మాటే, "అన్నా, నాన్నకు బీపీ ఉంది, చూసి ఇవ్వు." అతను చెవి దగ్గర ఫోన్ తీయలేదు, తల ఎత్తలేదు. "ఏం కాదు, అందరికీ ఇవే ఇస్తాం" అంటూ రెండు స్ట్రిప్పుల్లోంచి నాలుగేసి గోళీలు కత్తిరించి కవర్లో వేశాడు. బిల్లు లేదు. నేనూ అడగలేదు.

సోమవారం రాత్రి పదకొండింటికి నాన్న మంచం మీద లేచి కూర్చున్నారు. "గుండె దడదడలాడుతోందిరా" అన్నారు. మిషన్ పెడితే 182/106. ఐదు నిమిషాలాగి మళ్ళీ చూసినా అంతే. ఎప్పుడూ 130 దగ్గర ఉండే మనిషి! ఆటోలో హాస్పిటల్‌కు పరుగెత్తాం.

డ్యూటీ డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "ఏం మందులు వేశారు?" కవరు ఇచ్చాను. ఒక ముక్క వెనక "ఫినైలె" వరకే ఉంది, మిగతా పేరు కత్తెరతో పోయింది. ఆమెకు అది చాలు. ముక్కు దిబ్బడ తగ్గించే ఫినైలెఫ్రిన్ రక్తనాళాలను బిగిస్తుందట. అది ముక్కులోనే ఆగదు, ఒళ్ళంతా అదే పని చేస్తుంది, బీపీ పెరుగుతుంది. రెండోది అసెక్లోఫెనాక్, నొప్పి గోళీ. ఇలాంటివి ఒంట్లో ఉప్పూ నీరూ నిలిపేస్తాయి, బీపీ మాత్రను సరిగ్గా పనిచేయనివ్వవు. రెండూ కలిపి మూడు పూటలు మింగించాను.

మర్నాడు షాపుకెళ్ళి అడిగాను. అతనన్న మాట ఇంకా చెవుల్లోనే ఉంది: "మేమేమన్నా నోట్లో పోశామా? బీపీ పేషెంటైతే డాక్టర్ దగ్గరికి పోవాలి గానీ మా దగ్గరికెందుకొచ్చారు?" బీపీ ఉందని చెప్పాను కదా అంటే, "రోజుకు వందమంది చెబుతారు, ఎవరు గుర్తుంటారు" అని తర్వాతి మనిషి వైపు తిరిగాడు. అతని వెనక గోడకు ఫార్మసిస్ట్ సర్టిఫికెట్ వేలాడుతోంది. ఆ ఫొటోలోని మనిషిని నేనెప్పుడూ కౌంటర్ దగ్గర చూడలేదు.

తప్పు నాది కూడా. పాల ప్యాకెట్ మీద తేదీ చూసి కొంటాను. నాన్న నోట్లో వేసే గోళీ పేరు మాత్రం చదవలేదు.

డాక్టరమ్మ చెప్పినవి: జలుబు గోళీలో ఫినైలెఫ్రిన్, సూడోఎఫెడ్రిన్ ఉంటే బీపీ ఉన్నవాళ్ళకు సొంతంగా వేయొద్దు. దగ్గు సిరప్ సీసా మీద కూడా చూడాలి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి గోళీలు కూడా డాక్టర్ని అడగకుండా వద్దు. నీళ్ళలో వేస్తే బుస్సుమని పొంగే మాత్రల్లో సోడియం, అంటే ఉప్పులో ఉండేదే, ఎక్కువ, బీపీకి అదీ మంచిది కాదు. జ్వరం, నొప్పులకు విడిగా పారాసెటమాల్, ముక్కుకు సెలైన్ చుక్కలు, ఆవిరి చాలన్నారు. బీపీ మాత్ర మాత్రం ఆపొద్దు. ఛాతీలో నొప్పి, ఆయాసం, మాట తడబడటం ఉంటే ఆగకుండా హాస్పిటల్‌కు వెళ్ళాలి. పేరు, తేదీ కనిపించే స్ట్రిప్పు, బిల్లు లేకుండా కొనొద్దు, ఇది నా మాట.

ఈ పొద్దున నాన్నకు 142/88. ఆ కవరు దాచాను, డ్రగ్స్ కంట్రోల్ వాళ్ళకు ఫిర్యాదు రాస్తున్నాను. ఆ షాపులో ఇలా ఇంకెవరికైనా జరిగితే చెప్పండి, కలిసి ఇద్దాం.