డైనమో అంబాసిడర్‌లో చార్జింగ్ లోపం పట్టుకోవడం: సూది మీటరు, డీసీ క్లాంప్ మీటరు, హైడ్రోమీటరుపై దీర్ఘకాల వాడకం తర్వాత సమీక్ష

మా కారు డైనమోతో నడిచే మార్క్ 2 అంబాసిడర్. లూకాస్ సి40 తరహా డైనమో, డైనమో వోల్టేజీని అదుపు చేసే, మెకానిక్కులందరూ కటౌట్ అని పిలిచే ఆర్‌బి106 తరహా రెగ్యులేటరు పెట్టె, ఒక 12 వోల్టుల బ్యాటరీ, వాటిని కలిపే నాలుగైదు తీగలు: చార్జింగ్ వ్యవస్థ మొత్తం ఇంతే. ఇందులో ఎలక్ట్రానిక్ భాగం ఒక్కటీ లేదు కనుక ప్రతి లోపాన్నీ కొలిచి తేల్చవచ్చు. అయినా చార్జింగ్ ఎక్కడం లేదని చెప్పగానే డైనమో విప్పి రీవైండింగ్‌కు పంపడం, అది కుదరకపోతే కటౌట్ మార్చడం, ఆ తర్వాత బ్యాటరీ కొనిపించడం, చివరికి ఆల్టర్నేటరు వేయించుకోమనడం చాలాచోట్ల ఆనవాయితీగా మారింది. కొలత లేకుండా చేసే ఈ మార్పిడుల్లో డబ్బు పోవడం ఒక ఎత్తయితే, బాగున్న పాత భాగాలు చెత్తబుట్టలోకి పోవడం మరో ఎత్తు. ఏళ్ల తరబడి నేను వాడుతున్న మూడు పరికరాలు దీనికి ఎంతవరకు విరుగుడుగా పనిచేశాయో చెప్పడానికే ఈ సమీక్ష.

బ్యాటరీ యాసిడ్ సాంద్రతను కొలిచే హైడ్రోమీటరు చవకైనది, అందుకే జనం దాన్ని తేలికగా చూస్తారు. బ్యాటరీ బాగుందో లేదో తేలకుండా డైనమో జోలికి పోవడం వృథా. ఆరు సెల్లుల్లో అయిదు ఒకేలా ఉండి ఒకటి బాగా తక్కువ చూపితే ఆ బ్యాటరీకి ఎంత చార్జింగ్ పెట్టినా నిలవదు. వేడి ప్రాంతాల్లో పూర్తి చార్జి మీద 1.210 నుంచి 1.230 వరకు చాలని పాత లూకాస్ మాన్యువళ్లు చెబుతాయి. చల్లని దేశాల అంకెలతో పోల్చుకుని బ్యాటరీ పోయిందని బెంగపడనక్కర లేదు. బ్యాటరీతో వచ్చిన కాగితంలో వేరే అంకె ఉంటే దాన్నే పట్టుకోవాలి. సీలు వేసిన బ్యాటరీకి ఈ పరికరం పనికిరాదు కాబట్టి నేను నీళ్లు పోసే బ్యాటరీనే వాడుతున్నాను.

ఇక అసలు పనిమంతురాలు సూది మీటరు. డిజిటల్ మీటరు కూడా నా దగ్గర ఉంది, కానీ ఇంజను తిరుగుతుండగా ఇగ్నిషన్ గోలకు దాని అంకెలు గంతులు వేస్తాయి. సూది అలా కాదు, వోల్టేజీ ఎంత ఉందన్నదే కాకుండా ఎలా పెరుగుతున్నదో కూడా చూపిస్తుంది. డైనమో మీద డి (కరెంటు బయటికి వచ్చేది), ఎఫ్ (ఫీల్డ్ వైండింగ్‌ది) టర్మినళ్ల తీగలు తీసి, ఆ రెండు టర్మినళ్లనూ చిన్న తీగతో కలిపి, మీటరు ఒక కొసను అక్కడ, రెండో కొసను డైనమో బాడీకి పెట్టి, ఐడిలింగ్ నుంచి మెల్లగా రేస్ పెంచాలి. సూది తడబడకుండా చకచకా పైకి పోతే డైనమో ఆరోగ్యంగా ఉన్నట్టే; 20 వోల్టులు దాటనివ్వకుండా అక్కడితో ఆపేయాలి. అసలు కదలకపోతే కార్బన్ బ్రష్షులు చూడాలి. అర వోల్టు, ఒక వోల్టు దగ్గర ఆగిపోతే ఫీల్డ్ వైండింగ్‌ను (అయస్కాంత క్షేత్రం పుట్టించే తీగచుట్టను), నాలుగైదు వోల్టుల దగ్గర ఆగిపోతే ఆర్మేచర్‌ను (లోపల తిరిగే తీగచుట్టను) అనుమానించాలి. సూది వణుకుతూ పెరిగితే మాత్రం కమ్యుటేటర్ (బ్రష్షులు రాసుకునే రాగి భాగం) అరిగి ఉండడమో, బ్రష్ స్ప్రింగ్ వదులవడమో జరిగి ఉంటుంది. ఫీల్డ్‌ను విడిగా కొలిస్తే దాదాపు 6 ఓములు రావాలి. ఇన్ని సంగతులు డైనమోను కారు నుంచి దించకుండానే తెలుస్తాయి.

రీవైండింగ్ అయి వచ్చిన డైనమోలోనైనా, చాలాకాలం మూలన పడి ఉన్న డైనమోలోనైనా మిగులు అయస్కాంతత్వం పోయి ఉండవచ్చు; అది లేనిదే డైనమో కరెంటు పుట్టించడం మొదలుపెట్టదు. అప్పుడు ఎఫ్ తీగ తీసి, బ్యాటరీ లైవ్ తీగను ఆ టర్మినల్‌కు ఒక్క క్షణం తాకిస్తే చాలు. అంబాసిడర్‌కు మాతృక అయిన మారిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 పాజిటివ్ ఎర్త్ (బ్యాటరీ పాజిటివ్ కొస బాడీకి కలిసిన) కారు కనుక, పాత బండి చేతికి వచ్చినప్పుడు ఎర్త్ ఏ వైపున ఉందో చూసుకున్నాకే ఈ పని చేయాలి.

సూది మీటరు విలువ నాకు పూర్తిగా తెలిసివచ్చిన సందర్భం ఒకటి వివరంగా చెప్పాలి. కారుకు పెయింటింగ్ చేయించి తెచ్చుకున్నాక బ్యాటరీ రోజురోజుకీ దిగిపోసాగింది. చూపించిన చోట డైనమో పోయిందన్నారు. నేను గమనించింది డాష్‌బోర్డు మీద చార్జింగ్ సంగతి తెలిపే ఎర్ర దీపాన్ని. స్టార్ట్ చేయగానే వెలిగి, రేస్ కొద్దిగా పెంచగానే ఆరి, ఇంకా పెంచితే మళ్లీ వెలిగి, రేస్‌తోపాటు ప్రకాశం పెరుగుతున్నది. ఆ దీపం ఇగ్నిషన్ స్విచ్చికీ డైనమో డి టర్మినల్‌కూ మధ్య ఉంటుంది. రెండు వైపులా వోల్టేజీ సమానమైతే ఆరుతుంది. మళ్లీ వెలిగిందంటే డైనమో వోల్టేజీ బ్యాటరీని మించి పోతున్నదనీ, ఆ కరెంటు బ్యాటరీకి మాత్రం చేరడం లేదనీ అర్థం. అంటే డైనమో పోలేదు సరికదా, అదుపు లేకుండా పనిచేస్తున్నది. ఇంజను నెమ్మదిగా నడుపుతూ రెగ్యులేటరు ఇ (ఎర్త్) టర్మినల్‌కూ, మా కారులో బాడీకి కలిసి ఉన్న బ్యాటరీ నెగెటివ్‌కూ మధ్య మీటరు పెడితే, సున్నా చూపించవలసిన చోట సూది దాదాపు డైనమో వోల్టేజీ అంతా చూపింది. రెగ్యులేటరులోని రెండు కాయిళ్లకూ ఎర్త్ ఆ ఇ తీగే. అది తెగితే కటౌట్ (పెట్టెలో డైనమోను బ్యాటరీకి కలిపే స్విచ్చి, అసలు కటౌట్ ఇదే) మూసుకోదు, వోల్టేజీని అదుపు చేసే కాయిలుకు బలం ఉండదు, ఫీల్డ్‌కు పూర్తి కరెంటు పోతూనే ఉంటుంది. తీగ కొస బిగించిన స్క్రూ విప్పి చూస్తే కింద నిగనిగలాడే కొత్త పెయింటు ఉంది. ఆ నాణెమంత స్థలంలో పెయింటు గీకి, లోహం కనిపించాక బిగించాను. ఎర్ర దీపం ఆరి, ఆరినట్టే ఉండిపోయింది. అలాగే ఇంకొన్నాళ్లు నడిపి ఉంటే ఫీల్డ్ వైండింగ్ నిజంగానే మాడిపోయేది.

రెగ్యులేటరు పెట్టెను సర్దే పనిలోనూ ఇదే మీటరు. కటౌట్ కాంటాక్టుల మధ్య చిన్న కాగితం ముక్క పెట్టి, డి, ఇ టర్మినళ్ల మధ్య చూస్తే సుమారు 16 వోల్టుల దగ్గర సూది నిలబడాలి. వాతావరణం వేడెక్కేకొద్దీ ఈ అంకె కొంచెం తగ్గుతుంది కాబట్టి మాన్యువల్‌లోని పట్టిక చూడకుండా స్క్రూ తిప్పకూడదు. కటౌట్ 12.7, 13.3 వోల్టుల మధ్య మూసుకోవాలి. రెగ్యులేటరు కాంటాక్టులకు మసి పడితే ఫీల్డ్ కరెంటు వాటికి సమాంతరంగా ఉన్న రెసిస్టరు గుండా మాత్రమే పోయి చార్జింగ్ నీరసిస్తుంది. వాటిని సన్నని కార్బొరండం రాయితో శుభ్రం చేయాలి. కటౌట్ కాంటాక్టులు మెత్తనివి కనుక వాటికి సన్నని గాజు కాగితమే వాడాలి. రెండింటికీ ఒకే ఎమరీ కాగితం రుద్దే అలవాటు వల్ల ఎన్నో మంచి పెట్టెలు పాడయ్యాయి.

డీసీ క్లాంప్ మీటరు నా దగ్గరికి ఆలస్యంగా వచ్చింది. తీగను విప్పకుండా ఎన్ని ఆంపియర్లు పోతున్నాయో చూపడం దీని గొప్ప. స్టార్ట్ చేసిన వెంటనే బ్యాటరీ తీగలో చార్జింగ్ ఎక్కువగా ఉండి, కొంతసేపటికి క్రమంగా తగ్గాలి. తగ్గకుండా అలాగే ఉంటే బ్యాటరీ మీదో రెగ్యులేటరు మీదో అనుమానం పెట్టుకోవచ్చు. సి40 డైనమో గరిష్ఠంగా ఇచ్చేది 22 ఆంపియర్లు. 45 వాట్ల హెడ్‌లైట్లు రెండూ కలిసి ఏడున్నర ఆంపియర్లు తీసుకుంటాయి, వెనుక దీపాలు, ఇగ్నిషన్ కాయిల్, వైపర్ కలిస్తే పదిహేను దాకా పోతుంది. దీనిపైన హాలోజెన్ బల్బులు, లోపల ఫ్యాను, మ్యూజిక్ సిస్టం పెట్టి, హైదరాబాద్ సిగ్నళ్ల దగ్గర ఐడిలింగ్‌లో నిలబడితే బ్యాటరీ దిగిపోవడంలో డైనమో తప్పేమీ లేదు; ఐడిలింగ్‌లో అది చార్జింగ్ ఇవ్వదు. లోపమా, మోయలేని బరువా అన్న తేడాను క్లాంప్ మీటరు నిమిషంలో తేలుస్తుంది. ఎయిర్ కండిషనర్ పెట్టించుకోదలచినవారికి ఆల్టర్నేటరు తప్పదని నేనూ ఒప్పుకుంటాను.

ఈ మీటరుకు లోపాలూ ఉన్నాయి. వాడే ముందు ప్రతిసారీ సున్నా చేయాలి, డైనమోకు మరీ దగ్గరగా పెడితే అయస్కాంత ప్రభావానికి తప్పు చూపుతుంది, ఒక ఆంపియరు కంటే తక్కువ కరెంటు విషయంలో నాది నమ్మదగినది కాదు. కారు నిలిపి ఉంచినప్పుడు బ్యాటరీ కారిపోతుంటే, ఆ చిన్న కరెంటును వరుసలో కలిపిన మల్టీమీటరుతోనే వెతకాలి.

ఇంజను నడుస్తుండగా బ్యాటరీ తీగ పీకి చార్జింగ్ ఉందో లేదో చూసే పద్ధతిని ఎవరూ చేయనివ్వకండి. ఆల్టర్నేటరు ఉన్న బండిలో దానివల్ల డయోడ్లు పోతాయి, డైనమో బండిలో ఆ పరీక్ష ఏ భాగం పాడైందో చెప్పదు.

కొత్తగా పాత కారు కొన్నవారు మొదట సూది మీటరు, హైడ్రోమీటరు తెచ్చుకుంటే చాలు. క్లాంప్ మీటరు తర్వాత కొనవచ్చు, కానీ కొనేటప్పుడు అది డీసీ ఆంపియర్లు కొలుస్తుందో లేదో దాని మీద చదివి చూసుకోవాలి. ఇంటి వైరింగ్ కోసం అమ్మే మామూలు క్లాంప్ మీటర్లలో చాలావరకు ఏసీ కరెంటునే కొలుస్తాయి, బ్యాటరీ తీగకు తగిలిస్తే సున్నా చూపిస్తాయి.