పాత హోండా సిటీకి హెడర్: 64 వేల కిలోమీటర్ల తర్వాత

మాది 2002 మోడల్ హోండా సిటీ, 1.5 వీటెక్ (ఎక్కువ ఆర్‌పీఎంలో వాల్వులు ఎక్కువ తెరిచే హోండా ఏర్పాటు), 106 హార్స్‌పవర్. నాన్నగారు కొన్న బండి. 2019 అక్టోబరులో, మీటరు 1,38,000 దగ్గర ఉండగా, దీనికి 304 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్టీల్ 4-2-1 హెడర్ వేయించాను. హెడర్ అంటే ఇంజన్ పొగని సైలెన్సర్ వైపు తీసుకెళ్లే పైపుల కట్ట, కంపెనీ మానిఫోల్డ్ బదులు పెట్టేది. ఇప్పుడు మీటరు 2,02,000 దాటింది. ఈ మధ్యలో ఒకసారి గాస్కెట్ (జాయింటులోంచి పొగ రాకుండా మధ్యలో వేసే పొర) కాలిపోయింది, ఒకసారి పైపు పగిలింది, రెండుసార్లూ మొత్తం విప్పాం. వేయించుకున్న వారంలో రాసే మాటలకీ, వానలూ ఎండలూ చూశాక చెప్పే మాటలకీ తేడా ఉంటుందనే ఇన్నాళ్లూ ఆగాను.

కంపెనీ నుంచి వచ్చిన బీడు (పోత ఇనుము) మానిఫోల్డ్‌కి రెండో పోర్టు (రెండో సిలిండర్ పొగ వచ్చే రంధ్రం) కింద నెర్ర వచ్చింది. బీడుకి వెల్డింగ్ పెట్టినా నిలవడం కష్టం, నాలుగుసార్లు వేడెక్కి చల్లారితే పక్కనే మళ్లీ విచ్చుకుంటుంది. విజయవాడ ఆటోనగర్‌లో పాత సామాన్ల షాపులన్నీ తిరిగితే రెండు దొరికాయి, రెండూ మా దానికంటే అధ్వానం. అప్పుడు హెడర్ వైపు మొగ్గాను. బెంగళూరులో ఒక వర్క్‌షాపు వాళ్లు చేసిచ్చారు, 24 వేలు. బిగింపు, లేత్ పని, గాస్కెట్లు, కొత్త స్టడ్లు (ఇంజన్ హెడ్‌లో బిగించే మర కడ్డీలు) అన్నీ కలిపి ఇక్కడ ఇంకో 7 వేలు అయింది.

4-2-1 ఎందుకంటే, ఈ ఇంజన్ ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు మండే వరస, 1-3-4-2. ఒకటీ నాలుగూ ఒక జత, రెండూ మూడూ ఒక జత. జతలోని రెండు సిలిండర్లూ సరిగ్గా ఒక చుట్టు తేడాతో పొగ వదులుతాయి కాబట్టి ఒకదాని పొగ రెండోదానికి అడ్డుపడదు. ఆ రెండు జతలూ కిందికి వచ్చాక ఒక్కటవుతాయి. నాలుగూ ఒకేచోట కలిసే 4-1 రకం పైన ఆర్‌పీఎంలో బాగుంటుందిగానీ, విజయవాడ బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో సెకండ్ గేర్‌లో పాకే బండికి మధ్యలో లాగుడు కావాలి. ఆ ఎంపిక విషయంలో ఇప్పటికీ నాకు తృప్తే.

ఇక అసలు సంగతికి వస్తాను. హెడర్ కొనేవాళ్లు పైపు సైజు అడుగుతారు, చప్పుడు ఎలా ఉంటుందని అడుగుతారు, ఎంత పవర్ పెరుగుతుందని అడుగుతారు. ఫ్లాంజి గురించి ఎవరూ అడగరు. నేనూ అడగలేదు. ఇంజన్ హెడ్‌కి ఆనే ఆ మందపాటి పలకే ఐదేళ్ల సుఖాన్నీ కష్టాన్నీ నిర్ణయిస్తుంది. నాలుగు పైపులు ఒక పలకకి వెల్డ్ చేసినప్పుడు ఆ వేడికి పలక విల్లులా వంగుతుంది. పార్సిల్ విప్పిన రోజు మెరుస్తూ అందంగా ఉన్న హెడర్ మీద మా మేస్త్రి ఒక స్టీలు స్కేలు నిలబెట్టి, కింద ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి రేకు) దూర్చి చూపించారు. చివరల్లో అర మిల్లీమీటరు సందు. "ఇది ఇలాగే బిగిస్తే నట్లు లాగి కూర్చోబెడతాయి బాబూ, కానీ వేడెక్కినప్పుడల్లా అది తన వంపులోకి తను పోవాలని చూస్తుంది" అన్నారు. లేత్ షాపుకి తీసుకెళ్లి ఫేసింగ్ (పలక ముఖం చదును చేయడం) చేయించాం. పలక 10 మిల్లీమీటర్ల మందం ఉంది కాబట్టి తీసేయడానికి కొంత ఉంది. సన్నటి పలక అయితే ఆ అవకాశం కూడా ఉండేది కాదు. పంపేముందు వాళ్లే చూసుకోవాల్సిన పని అది, ఈ మాట వాళ్లకి ఫోన్‌లో గట్టిగానే చెప్పాను.

రెండో తలనొప్పి పాత స్టడ్లు. పదిహేడేళ్లు వేడిలో ఉడికిన స్టడ్లు తుప్పుతో హెడ్‌లో కలిసిపోయాయి. ముందురోజు సాయంత్రమే తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి రాత్రంతా వదిలేశాం. పొద్దున నట్లు కొంచెం బిగించి, కొంచెం వదిలి, మళ్లీ బిగించి, అలా ఓపిగ్గా తీస్తే అన్నీ వచ్చాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ విరిగింది. హెడ్ అల్యూమినియం, డ్రిల్ పక్కకి జారితే పోయేది స్టడ్డు కాదు, హెడ్డే. మేస్త్రి మధ్యలో పంచ్ కొట్టి, సన్న బిట్‌తో మొదలుపెట్టి పెద్దది చేసుకుంటూ వెళ్లి, చివర ట్యాప్ కొట్టి మర శుభ్రం చేయడానికి మూడు గంటలు పట్టింది. కొత్త స్టడ్లన్నిటికీ కాపర్ గ్రీజు రాసి వేశాం. రెండేళ్ల తర్వాత విప్పినప్పుడు ఒక్కటి కూడా మొరాయించలేదు. ఆ డబ్బా ధర మూడొందలు.

మానిఫోల్డ్ నట్లకి హోండా మాన్యువల్‌లో ఉన్న లెక్క 31 న్యూటన్ మీటర్లు. మధ్యలోంచి మొదలుపెట్టి అటొకటి ఇటొకటి చొప్పున చివరలకి వెళ్లాలి, అదీ ఒక్క పట్టులో కాదు, రెండు మూడు విడతల్లో. ఆక్సిజన్ సెన్సర్‌కి 44. మన దగ్గర టార్క్ పానా (ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానా) వాడే చోట్లు తక్కువ, చేతి లెక్కన బిగిస్తారు. నేను సొంతంగా ఒకటి కొనుక్కుని పట్టుకెళ్లాను. మేస్త్రి నొచ్చుకుంటారేమో అని భయపడ్డాను, ఆయన మాత్రం తీసుకుని తిప్పి చూసి, ఆ రోజంతా దాంతోనే చేశారు.

ఈ ఇంజన్‌లో ఎగ్జాస్ట్ ముందువైపు, రేడియేటర్‌కి ఎదురుగా ఉంటుంది. హెడర్ పైపులు బీడు మానిఫోల్డ్ కంటే ముందుకి పొడుచుకొస్తాయి. మా దాంట్లో రేడియేటర్ ఫ్యాన్ కవచానికీ మొదటి పైపుకీ మధ్య చిటికెన వేలు పట్టేంత సందే మిగిలింది. పైగా పాత మానిఫోల్డ్‌కి ఉండే రేకు కవచం దీనికి కూర్చోదు. మేలో బయట 44 డిగ్రీలు ఉన్నప్పుడు ఏసీ వేసి సిగ్నల్ దగ్గర నిలబడితే ఫ్యాన్ ఆగకుండా తిరిగేది. మొదటి ఎండాకాలానికే అల్యూమినియం రేకు కొట్టించి మధ్యలో నిలబెట్టించాను. ఉష్ణోగ్రత ముల్లు ఎప్పుడూ సగం దాటలేదు, కానీ ఫ్యాన్ వైరింగ్ మీద ప్లాస్టిక్ తొడుగు గట్టిపడి పెళుసైంది. అది మార్చాను.

పైపులకి చుట్టే ఫైబర్ గ్లాస్ టేప్ కూడా ప్రయత్నించాను. బయటికి కొట్టే వేడి తగ్గిన మాట నిజం. అయితే ఆ టేప్ వాననీళ్లు పీల్చుకుని తడి తడిగా పట్టి ఉంచుతుంది, లోపల పైపు మామూలుకంటే ఎక్కువ వేడెక్కుతుంది. ఒక వర్షాకాలం గడిచాక విప్పితే వెల్డ్‌ల పక్కన గోధుమ రంగు మచ్చలు. స్టెయిన్‌లెస్ కాబట్టి రుద్దితే పోయాయి. మామూలు ఇనుప పైపు అయితే పొరలు పొరలుగా లేచేది. టేప్ మళ్లీ చుట్టలేదు.

లాగుడు సంగతి కూడా చెప్పాలి. డైనో (పవర్ కొలిచే యంత్రం) మీద పెట్టలేదు కాబట్టి అంకె చెప్పను. మూడు వేల ఆర్‌పీఎం లోపల తేడా నాకు తెలియలేదు. అక్కడినుంచి పైకి ఇంజన్ ఊపిరి తేలిగ్గా తీస్తున్నట్టు ఉంటుంది, ముఖ్యంగా వీటెక్ అందుకున్న తర్వాత పైకి వెళ్లే తీరు ఇదివరకటిలా ఆయాసంగా లేదు. హైదరాబాద్ హైవే మీద నలుగురు మనుషులూ సామానుతో లారీని దాటాలంటే ఇదివరకు ఫోర్త్ నుంచి థర్డ్‌కి దించేవాణ్ణి, ఇప్పుడు చాలాసార్లు ఫోర్త్‌లోనే అయిపోతుంది. ఈ మార్పు కోసం 31 వేలు పెట్టొచ్చా అంటే, మానిఫోల్డ్ బాగున్న బండికైతే వద్దంటాను. చప్పుడు మారింది, బీడు మింగేసే లోహపు శబ్దం కొంత పలచటి పైపుల్లోంచి బయటికి వస్తుంది. క్యాటలిటిక్ కన్వర్టర్‌నీ (పొగలో విషవాయువులు తగ్గించే డబ్బా), వెనక సైలెన్సర్‌నీ ముట్టుకోలేదు కాబట్టి వీధిలో వాళ్లకి ఇబ్బంది లేదు.

మొదటి దెబ్బ మూడో నెలలో తగిలింది. పొద్దున్నే స్టార్ట్ చేయగానే టిక్, టిక్, టిక్. రెండు కిలోమీటర్లు వెళ్లేసరికి మాయం. టాపెట్లు (వాల్వుల దగ్గర సందు) అనుకుని సెట్ చేయించాను, డబ్బులు దండగ. తర్వాత తెలిసింది: చల్లగా ఉన్నప్పుడు సందులోంచి పొగ కొడుతుంది, వేడికి లోహం వ్యాకోచించి ఆ సందు మూసుకుంటుంది. అందుకే వేడెక్కాక చప్పుడు ఉండదు. ఇది పట్టుకునే పద్ధతి చెబుతాను. రాత్రంతా ఆగిన బండి, పొద్దున స్టార్ట్ చేసిన మొదటి నిమిషంలోనే ఒకరు తడిగుడ్డ మడిచి సైలెన్సర్ మూతి దగ్గర కొన్ని సెకన్లు సగం అడ్డం పెట్టాలి, ఇంకొకరు జాయింట్ల మీద సబ్బునీళ్లు చిలకరించాలి. లీకున్న చోట బుడగలు వస్తాయి. పైపులు వేడెక్కాక చేస్తే చేతులు కాలతాయి. మాకు మూడో పోర్టు దగ్గర వచ్చాయి. విప్పితే గాస్కెట్ అక్కడ కాలి, ఫ్లాంజి మీద మసి చార కనబడింది. హెడర్‌తో పాటు వచ్చిన అట్టలాంటి గాస్కెట్ అది. పారేసి, పొరలు పొరలుగా ఉండే స్టీలు గాస్కెట్ వేశాం. అది వేసి నాలుగేళ్లయింది, ఇంకా అదే ఉంది.

ఈ లీకుని చప్పుడు ఒక్కటే అనుకుని వదిలేయకండి. పొగ దెబ్బకీ దెబ్బకీ మధ్య పైపులో ఒత్తిడి పడిపోయినప్పుడు అదే సందులోంచి బయటి గాలి లోపలికి లాక్కుంటుంది. దాని తర్వాత ఉన్న ఆక్సిజన్ సెన్సర్ ఆ గాలిని చూసి మిశ్రమంలో పెట్రోలు తక్కువైందని ఈసీయూకి (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్‌కి) చెబుతుంది, ఈసీయూ పెట్రోలు పెంచుతుంది. మాకు టౌన్‌లో పన్నెండు వచ్చే మైలేజీ ఆ రెండు నెలలూ పది దగ్గర తచ్చాడింది. గాస్కెట్ మార్చిన వారానికి మళ్లీ పన్నెండుకి వచ్చింది.

రెండోది పెద్ద దెబ్బ. 38 వేల కిలోమీటర్ల తర్వాత, రెండు పైపులు ఒకటయ్యే జాయింటు దగ్గర వెల్డ్ పక్కనే వెంట్రుకలాంటి పగులు. 304 స్టెయిన్‌లెస్ వేడికి మామూలు ఇనుము కంటే ఎక్కువ సాగుతుంది. అర మీటరు పైపు 600 డిగ్రీలు వేడెక్కితే ఐదు మిల్లీమీటర్లు పొడవవుతుంది. ఆ ఐదు మిల్లీమీటర్లకి ఎక్కడో చోటు ఉండాలి. మా హెడర్‌లో బెల్లోస్ (వంగే, సాగే ముడతల పైపు ముక్క) లేదు, కన్వర్టర్ దాకా ఒకటే కట్టె. పైగా ఇంజన్‌ని పట్టి ఉంచే ముందు మౌంట్ రబ్బరు చితికిపోయింది, మధ్యలో సైలెన్సర్ పైపుని మోసే ఒక హ్యాంగర్ రబ్బరు తెగి వేలాడుతోంది. గేర్ వేసినప్పుడల్లా ఇంజన్ ఊగుతుంది, సైలెన్సర్ ఊగదు, ఆ మెలి అంతా ఒక్క వెల్డ్ మీద పడింది. ముందు మౌంట్ మార్చాం, తర్వాత హ్యాంగర్లు, ఆ తర్వాతే వెల్డింగ్. ఆటోనగర్‌లో ఒక ఆర్గాన్ వెల్డింగ్ పెద్దాయన పైపు రెండు చివర్లూ మూసి లోపల కూడా ఆర్గాన్ నింపి అతికారు. బయట ఒక్కటే గ్యాస్ ఇస్తే లోపలివైపు వెల్డ్ నల్లగా గరుకుగా మాడి, మళ్లీ అక్కడే పగుల్తుందట. అదే చేత్తో కలెక్టర్ (పైపులన్నీ ఒకటయ్యే చోటు) తర్వాత బెల్లోస్ ముక్క కూడా పెట్టించాను. అప్పటినుంచి 26 వేల కిలోమీటర్లు, పగులు లేదు. బెల్లోస్ లేని హెడర్ ఎంత చవగ్గా వచ్చినా తీసుకోకండి, ఈ ఒక్క మాట మీద గట్టిగా నిలబడతాను.

స్పీడ్ బ్రేకర్లు ఇంకో బాధ. పైపులు ఆయిల్ చాంబర్ కిందుగా వెనక్కి వెళతాయి, ఎత్తు తగ్గుతుంది. మా ఊరి రోడ్డులో రెండు బ్రేకర్ల మీద నలుగురు కూర్చుంటే రాసుకుంటుంది. కింది పైపు మీద గీతలు ఉన్నాయి, సొట్ట పడలేదు.

2022లో ఆర్‌సీ రెన్యూవల్‌కి వెళ్లాను. అప్పటికి రెన్యూవల్ ఫీజు 600 నుంచి 5,000 చేశారు. పొల్యూషన్ పరీక్షలో ఇబ్బంది రాలేదు, కన్వర్టర్ ఉంచడం, లీకు లేకపోవడం రెండూ దానికి కారణమని నా నమ్మకం. హెడర్‌తో పాటు కన్వర్టర్ పీకి ఖాళీ పైపు పెట్టమని సలహా ఇచ్చేవాళ్లు ప్రతి షాపులో ఒకరుంటారు. పక్కింటి పిల్లలు పీల్చే గాలి అది, వినకండి.

ఇప్పుడు నేను చేసేది ఇంతే. ప్రతి సర్వీసుకీ ఇంజన్ పూర్తిగా చల్లారాక నట్లు టార్క్ పానాతో ఒకసారి చూస్తాను. కొత్తగా వేసినప్పుడు మాత్రం వంద కిలోమీటర్లకి ఒకసారి, ఐదొందలకి ఒకసారి తప్పనిసరి, మాకు రెండుసార్లూ మధ్య నట్లు పావు చుట్టు తిరిగాయి. టార్చి వేసి ఫ్లాంజి చుట్టూ మసి చార ఉందేమో చూస్తాను. హ్యాంగర్ రబ్బర్లు చేత్తో లాగి చూస్తాను. ఆయిల్ మార్చినప్పుడు పైపు మీద పడ్డ చుక్కలు థిన్నర్ గుడ్డతో తుడిచాకే స్టార్ట్ చేస్తాం, లేకపోతే అక్కడే మాడి మచ్చ దిగిపోతుంది. మొదటిసారి బిగించినప్పుడు చేతి వేళ్ల ముద్రలు కూడా ఇలాగే అచ్చుపడ్డాయి. నాలుగో పైపు మీద మా మేస్త్రి బొటనవేలి గుర్తు ఇప్పటికీ నీలం రంగులో కనిపిస్తుంది.

కిందటి నెల సర్వీసులో మౌంట్ రబ్బరు మళ్లీ మెత్తబడిందని తేలింది. పగులు వచ్చేదాకా ఆగకుండా ఈసారి ముందే ఆర్డర్ పెట్టాను, వచ్చే ఆదివారం మారుస్తున్నాం.