ఎనిమిదేళ్లుగా విట్టోరియో డి సికా పాటలు వింటున్నా, నా రివ్యూ

మనలో సినిమా పిచ్చి ఉన్నోళ్లందరికీ డి సికా అంటే బైసికిల్ థీవ్స్ డైరెక్టరే, నాకూ చాలా కాలం అంతే. హైదరాబాద్‌లో బీటెక్ చదివేటప్పుడు ఆ సినిమా చూసి నలుగురం హాస్టల్ దాకా నడుచుకుంటూ వచ్చాం, దార్లో ఒక్కరం కూడా నోరు విప్పలేదు. ఆ సినిమా 1948ది. దానికి పదహారేళ్ల ముందే ఈయన ఇటలీ మొత్తం కూనిరాగం తీసిన పాట పాడిన హీరో అని నాకు మిలాన్ వచ్చేదాకా తెలీనే తెలీదు.

నేను మొదట అద్దెకున్న ఇంటి ఓనరమ్మ వంట చేస్తూ ఎప్పుడూ ఒకే ట్యూన్ హమ్ చేస్తూ ఉండేది. ఒకరోజు అడిగా, సిన్యోరా ఇదేం పాట అని. డి సికాది అంది. డైరెక్టర్ డి సికానా అన్నా. గరిటె అలాగే చేతిలో పట్టుకుని నా వైపు తిరిగి, ముందు పాటలే బాబూ, తర్వాతే మిగతావన్నీ అంది. ఆ నెలాఖరు ఆదివారం నవీల్యో కాలువ పక్కన పాత సామాన్ల సంత జరిగితే అక్కడ ఆయన పాత పాటల రెండు సీడీల సెట్ ఒకటి దొరికింది, ఆరు యూరోలు. అప్పటి నుంచి ఇవాళ్టి దాకా ట్రామ్‌లో, వంటింట్లో, రాత్రి అంట్లు తోముకుంటూ వింటూనే ఉన్నా, కాబట్టి ఇది రెండ్రోజులు విని రాస్తున్న రివ్యూ కాదు.

ముందు గొంతు గురించి చెప్తా ఎందుకంటే కొత్తగా వినేవాళ్లు అక్కడే నిరాశపడతారు. ఇటలీ పాట అంటే మనకి కరూసో, జీల్యీ, గోడలు అదిరిపోయేలా పాడే ఓపెరా గొంతులు గుర్తొస్తాయి. డి సికా గొంతు అది కాదు, చిన్న గొంతు, తేలిక గొంతు, పాడుతున్నాడా మాట్లాడుతున్నాడా అన్నట్టుంటుంది. మొదటి వారం నాకు ఇంతేనా అనిపించింది. నెల తర్వాత అర్థమైంది, ఆయన హాలు మొత్తానికి పాడట్లేదు, ఎదురుగా కూర్చున్న ఒక్క మనిషికి పాడుతున్నాడు. అప్పుడే మైకులు, కరెంటుతో చేసే రికార్డింగులు వచ్చిన రోజులు, 1930లోనే ఇటలీలో మొదటి టాకీ కూడా వచ్చింది, గట్టిగా అరవక్కర్లేకుండా చెవి దగ్గర పాడే వీలు మొదటిసారి దొరికింది, ఆ వీలుని ఈయనంత హాయిగా వాడుకున్నవాళ్లు నాకు తక్కువ కనిపించారు.

పెద్ద పాట పేరు పార్లామి దామోరే మరియూ. అంటే ప్రేమ గురించి నాతో మాట్లాడు మరియూ అని, మరియూ అమ్మాయి ముద్దు పేరు. ట్యూన్ చేసార్ ఆంద్రేయా బిక్సియోది, మాటలు ఎన్నియో నేరివి, 1932. తర్వాత ఈ పాటని బోలెడుమంది పాడారు, మారియో లాంజా కూడా పాడాడు, పెద్ద గొంతులవాళ్లంతా ఆ చివరి యూ దగ్గరికి రాగానే ఎక్కడికో తీసుకెళ్లిపోతారు. డి సికా అక్కడ ఏమీ చెయ్యడు, ఆ పేరుని మెల్లగా కింద పెట్టేస్తాడు అంతే. మా పాప నాలుగేళ్లప్పుడు ఇది విని "నాన్నా, మరియు అని ఆపేశాడేంటి, మరియు తర్వాత ఏంటి?" అని అడిగింది. ఇప్పటికీ మా ఇంట్లో దాని పేరు మరియు పాటే. నిజం చెప్పాలంటే ఆ పాట గురించి అంతకన్నా కరెక్ట్ మాట నేను ఎక్కడా చదవలేదు, ఆయన పాడితే నిజంగానే ఇంకేదో చెప్పబోయి ఆగినట్టుంటుంది.

ఈ పాట ఫ్రాన్స్‌కి కూడా వెళ్లింది, లీస్ గోటీ అనే గాయని ఫ్రెంచ్ మాటలతో పాడింది, అది ఎంత హిట్ అంటే 1934లో జాన్ వీగో తీసిన లాటలాంట్ సినిమాని డిస్ట్రిబ్యూటర్లు కోసేసి, ఈ పాట ఇరికించి, సినిమా పేరే పాట పేరుగా మార్చి రిలీజ్ చేశారు. వీగో మీద జాలేస్తుంది నాకు.

పాటని సినిమాలో చూడకుండా సీడీలో మాత్రమే విని ఆపేయొద్దు. మారియో కామెరీని తీసిన లీ వోమిని కే మస్కల్జోని, మగాళ్లు ఎంత తుంటరోళ్లో అన్న అర్థం వస్తుంది, 1932లో మొట్టమొదటి వెనిస్ ఫెస్టివల్‌లో వేశారు. చాలా భాగం స్టూడియోలో కాకుండా మిలాన్ వీధుల్లోనే తీశారు. డి సికా అందులో డ్రైవరు, పేరు బ్రూనో. సెంట్ల షాపులో పనిచేసే అమ్మాయి ట్రామ్ ఎక్కితే సైకిల్ మీద ఆ ట్రామ్ వెంట పడతాడు, తర్వాత ఓనరు కారు తెచ్చి నాదే అని బిల్డప్ ఇచ్చి సరస్సుల వైపు తీసుకెళ్తాడు, అక్కడ డాన్స్ చేస్తూ ఆ పాట అందుకుంటాడు. సినిమాలో తర్వాత వచ్చే ఎగ్జిబిషన్ గ్రౌండ్ పాత ఫియెరా, ఇప్పుడక్కడ సిటీలైఫ్ టవర్లు మూడు లేచాయి, నేను రోజూ త్రే తోర్రి మెట్రోలో దిగేది అక్కడే. మొదటిసారి ఆ సినిమా చూసిన మర్నాడు స్టేషన్ మెట్లెక్కి పైకొచ్చి ఆ అద్దాల బిల్డింగుల మధ్య నిలబడి హెడ్‌ఫోన్స్‌లో ఆ పాట పెట్టుకున్నా, ఆఫీసుకి ఇరవై నిమిషాలు లేటయింది.

ఆయన మనిషి సంగతి. 1901 జులై 7న సోరాలో పుట్టాడు, రోమ్‌కీ నేపుల్స్‌కీ మధ్యలో ఉండే చిన్న ఊరు. నాన్న ఉంబెర్తో బ్యాంకు గుమస్తా, చిన్నప్పుడు నేపుల్స్‌లో పెరగడంతో ఆ యాస, ఆ పాటలు ఒంట్లోకి ఎక్కేశాయి. మొదటి ప్రపంచ యుద్ధం టైంలో టీనేజీ కుర్రాడిగా ఆసుపత్రుల్లో గాయపడ్డ సైనికుల ముందు పాడేవాడట. ఆ ఒక్క ముక్క తెలిసాక నాకు ఆ గొంతు గుట్టు తెలిసినట్టయింది, మంచం మీద ఒళ్లంతా కట్లతో పడుకున్నోడి ముందు గొంతు చించుకుని ఎవరు పాడతారు చెప్పండి. చదివింది అకౌంట్స్, 1923లో తత్యానా పావ్లోవా అనే రష్యన్ నటి కంపెనీలో నాటకాల్లో చేరాడు. పేరొచ్చింది మాత్రం మారియో మత్తోలి నడిపిన జా-బుమ్ అనే పాటలూ కామెడీ కలిసిన స్టేజి షోలతో, అందులో ఉంబెర్తో మెల్నాటితో కలిసి చేసిన లొడోవీకో కామెడీ బిట్టు రికార్డుగా వచ్చి జనం నోళ్లలో నానిపోయింది. నా సీడీలో అదీ ఉంది, నాకు ఆ ఇటాలియన్ స్పీడు అందడానికి రెండేళ్లు పట్టింది, అందాక మాత్రం భలే నవ్వొస్తుంది, పాటకి ఆయన పెట్టే టైమింగ్ ఎక్కణ్ణుంచి వచ్చిందో అక్కడ తెలుస్తుంది.

బాగోలేనివి కూడా చెప్పాలి. ముప్పైల నాటి పాటలు వరసపెట్టి పది వింటే ఒకేలా ఉంటాయి, చందమామ, ముద్దు, బుల్లి ఇల్లు. అది ముస్సోలినీ కాలం, పాటల్లో సినిమాల్లో కష్టమనేదే కనపడకూడదు, పెద్ద పెద్ద ఇళ్లలో తెల్ల టెలిఫోన్లు పెట్టి తీసే సినిమాలు ఎక్కువ. ఆ హాయి వెనక ఏం దాచారో తెలిసాక కొన్ని పాటలు మునుపట్లా వినలేకపోతున్నా. ఇక నేను కొన్న సెట్ తయారీ సంగతైతే దారుణం, పాత డెబ్భై ఎనిమిది స్పీడు రికార్డుల గరగర తీసేద్దామని ఫిల్టర్ వేసి గొంతులో ఊపిరి కూడా తీసేశారు, ఏ పాట ఏ ఏడాదిదో ఒక్కదానికీ రాయలేదు, రెండో సీడీలో రెండు పాటల పేర్లు అటూ ఇటూ అయ్యాయి. ఆయన వయసయ్యాక మళ్లీ పాడినవి కూడా చెప్పకుండా కలిపేశారు. అందుకే చెప్తున్నా, గరగర ఉన్నా పర్లేదు, 1932 ఒరిజినల్ రికార్డింగే వెతుక్కోండి, మూడు నిమిషాలు అటూ ఇటూగా ఉంటుంది.

ఆయన గురించి ఆలోచించినప్పుడల్లా నాకు మన నాగయ్య గారు గుర్తొస్తారు. పాట, నటన, దర్శకత్వం అన్నీ ఆయనే, గొంతు పెంచకుండానే మనసు పట్టేసే పద్ధతి. నాగయ్య గారు త్యాగయ్య తీసింది 1946లో, అదే ఏడాది డి సికా షూషా తీశాడు, బూట్లు పాలిష్ చేసే పిల్లల కథ, దానికి స్పెషల్ ఆస్కార్ ఇచ్చారు. ఇద్దరి చేతుల్లోనూ డబ్బు నిలవలేదు, ఈయన డబ్బు జూదంలో పోయింది, నాగయ్య గారి డబ్బు దానాల్లో పోయింది, అక్కడ మాత్రం ఇద్దరికీ పోలికే లేదు. తన సినిమాలకి డబ్బులు దొరక్క డి సికా ఎన్ని మామూలు సినిమాల్లో వేషాలేశాడో లెక్కలేదు. 1953లో పానే, ఆమోరే ఏ ఫాంతాజియాలో జీనా లొల్లొబ్రిజిదా వెనక తిరిగే పోలీసాయనగా మళ్లీ జనానికి ముద్దొచ్చాడు. రెండు కాపురాలు కూడా నడిపాడు, కొత్త సంవత్సరం రాత్రి ఒక ఇంట్లో గడియారం టైం మార్చేసి, రెండిళ్లలోనూ పన్నెండు కొట్టేటప్పుడు ఉండేవాడని చెప్తారు. అది చదివి చాలామంది నవ్వుతారు, నాకు ఆ ఇద్దరు ఆడవాళ్లు గుర్తొచ్చి నవ్వు రాలేదు. 1974 నవంబర్ 13న పారిస్ పక్కన నయీలో పోయాడు.

పాటలు విన్నాక బైసికిల్ థీవ్స్ మళ్లీ చూడండి, అది నా గట్టి సలహా. అందులో పిల్లాడి పేరూ బ్రూనోనే, కథంతా మళ్లీ సైకిలే. ఆ సినిమాకి డబ్బులిస్తా, కానీ కారీ గ్రాంట్‌ని హీరోగా పెట్టు అని హాలీవుడ్ నుంచి నిర్మాత సెల్జ్‌నిక్ అడిగితే ఒప్పుకోకుండా ఫ్యాక్టరీలో పనిచేసే లాంబెర్తో మజ్జొరానీని తెచ్చి పెట్టాడు. తండ్రి కోపంలో కొడుకుని కొట్టి, తర్వాత మనసాగక హోటల్‌కి తీసుకెళ్తాడు కదా, అక్కడ ఒక బ్యాండ్ వాయిస్తూ ఉంటుంది. కాలేజీలో చూసినప్పుడు అది నాకు వినపడనే లేదు, నేను ఆ పిల్లాడినే చూస్తున్నా. ఇప్పుడు తెలుసు, అది తమ్ముర్రియాతా నేరా, యుద్ధం చివర్లో పుట్టిన నేపుల్స్ పాట. జేబులో డబ్బుల్లేని తండ్రి వైన్ చెప్తాడు, పిల్లాడు చీజ్ సాగదీసుకుంటూ తింటాడు, పక్క టేబుల్ మీద డబ్బున్న ఇంటి కుర్రాడు వెనక్కి తిరిగి చూస్తాడు, వెనకాల హుషారుగా పాట నడుస్తూనే ఉంటుంది. ఆ హుషారు అలా ఉండటం వల్లే గుండె పిండేస్తుంది. మొన్న చూసినప్పుడు ఆ సీన్‌కి వచ్చేసరికి సౌండ్ కొంచెం పెంచా, పాప నిద్రలేచి వచ్చి నా పక్కన కూర్చుని ఇది మరియు పాట పాడిన తాతేనా అంది, ఆ తాతే తీశాడమ్మా అని చెప్పి ఆ సీన్ మళ్లీ మొదట్నుంచి పెట్టా.